ఐదుగురి మీద మూడు కోట్ల రిలేషన్లు

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. డెఫినిషన్లన్నీ వచ్చు, లెక్క ఇస్తే మాత్రం తేలడం లేదు అన్నావు. ఫోన్లో చెబుదామా అనుకున్నాను గానీ ఇది జతలు రాసుకుంటూ, కొట్టేస్తూ చదవాల్సిన వ్యవహారం. అందుకే ఉత్తరం. పెన్ను దగ్గర పెట్టుకుని చదువు.

నువ్వు పంపిన నోట్సు ఫోటోల్లోనే నీ చిక్కు కనబడుతోంది. ప్రతి లెక్కలోనూ రిలేషన్‌కు పెట్టిన పేరు చదివి, మనసులో దానికో అర్థం కట్టుకుని, ఆ అర్థాన్ని బట్టి జవాబు రాసేస్తున్నావు. తోబుట్టువు అని కనబడగానే ట్రాన్సిటివ్ అని టిక్కు పెట్టావు. అది తప్పు, ఎందుకో కాసేపట్లో చూద్దాం. ముందు ఒకటి గట్టిగా పట్టుకో: రిలేషన్‌కు అర్థం ఉండాల్సిన పనే లేదు. అది జతల సెట్, అంతే. ఒక సెట్ ఉంటుంది. అందులోంచి ముందెవరు, వెనకెవరు అన్న క్రమంతో సహా వీలైన జతలన్నీ రాస్తే కార్టీజియన్ ప్రోడక్ట్ వస్తుంది. ఆ జతల్లో కొన్నిటిని ఏరుకుంటే రిలేషన్. ఎందుకు ఏరుకున్నావని అడిగే హక్కు ఎవరికీ లేదు. ఒక్కటీ ఏరకపోతే అదీ రిలేషనే, అన్నీ ఏరేసుకుంటే అదీ రిలేషనే.

మన ఇంటివాళ్లనే తీసుకుందాం. మీ అమ్మ, నేను, మీ పిన్ని, నువ్వు, మీ తమ్ముడు. వయసుల వరుస కూడా ఇదే. ఐదుగురం, జతలు 25. ప్రతి జతనూ ఉంచుకోవచ్చు లేదా తీసేయవచ్చు. కాబట్టి మన ఐదుగురి మీద సాధ్యమయ్యే రిలేషన్లు 2 పవర్ 25, అంటే 3,35,54,432. మూడు కోట్ల పైచిలుకు! వీటిలో మనం పేరు పెట్టి పిలుచుకునేవి అక్క, తమ్ముడు, తల్లి, మేనమామ ఇలా ఓ గుప్పెడు. మిగతా కోట్లకు పేరూ లేదు, కథా లేదు. పేపర్ సెట్ చేసేవాడు ఆ కోట్లలోంచే ఏదో ఒకటి తీసి నీ ముందు పెడతాడు. అర్థం వెతుక్కుంటూ కూర్చుంటే టైమ్ అయిపోతుంది.

ఇప్పుడు తోబుట్టువు సంగతి. జతలు రాయి. మీ అమ్మకు నేను, నాకు మీ అమ్మ. మీ అమ్మకు పిన్ని, పిన్నికి మీ అమ్మ. నాకు పిన్ని, పిన్నికి నేను. నీకు తమ్ముడు, తమ్ముడికి నువ్వు. మొత్తం ఎనిమిది. సిమెట్రిక్ అన్నది చూస్తూనే తెలుస్తుంది, ప్రతి జతకూ తిరగేసిన జత పక్కనే ఉంది. రిఫ్లెక్సివ్ కాదు, ఎవరికి వాళ్లు తోబుట్టువులు కారు. మరి ట్రాన్సిటివ్? (క, చ) ఉండి, (చ, ట) కూడా ఉంటే (క, ట) ఉండి తీరాలి అన్నది నియమం. ఈ క, చ, ట ముగ్గురూ వేరువేరు మనుషులై ఉండాలని నియమంలో ఎక్కడా రాసి లేదు. (అమ్మ, నేను) ఉంది, (నేను, అమ్మ) ఉంది, కనుక (అమ్మ, అమ్మ) ఉండాలి. లేదు. పోయింది, ట్రాన్సిటివ్ కాదు. "నా అన్నకు చెల్లెలు నాకూ చెల్లెలే కదా" అని నువ్వు అనుకున్నది ముగ్గురు వేరువేరు మనుషుల్ని ఊహించుకుని. ఆ చెల్లెలు నువ్వే కావచ్చు.

సరే, ఎవరికి వాళ్లను జతచేసి ఐదు జతలు కలుపు. మొత్తం 13 అయ్యాయి. ఇప్పుడు మూడు లక్షణాలూ వచ్చేశాయి, ఈక్వివలెన్స్ రిలేషన్ తయారైంది. ఐదు వరుసలు, ఐదు నిలువులు గీసి జత ఉన్నచోట 1, లేనిచోట 0 వేసి చూడు. అమ్మ, నేను, పిన్ని కలిసి మూడుమూళ్ల చదరం, నువ్వూ తమ్ముడూ కలిసి రెండురెళ్ల చదరం. తొమ్మిదీ నాలుగూ పదమూడు. బయట అంతా సున్నాలు. ఒక గుంపువాళ్లను పక్కపక్కన నిలబెడితే ఏ ఈక్వివలెన్స్ రిలేషనైనా ఇలాగే కనబడుతుంది, చదరాలు తప్ప మరేమీ ఉండదు. అందుకే దాన్ని లెక్కపెట్టడం అంటే సెట్‌ను గుంపులుగా విడగొట్టే పద్ధతుల్ని లెక్కపెట్టడమే. ఐదుగుర్ని 52 రకాలుగా విడగొట్టవచ్చు. దీన్నే బెల్ నంబర్ అంటారు. మూడు కోట్ల ముప్పై అయిదు లక్షల్లో ఈక్వివలెన్స్ రిలేషన్లు 52 మాత్రమే. ట్రాన్సిటివ్ అయినవి 1,54,303. రిఫ్లెక్సివ్ వాటికీ సిమెట్రిక్ వాటికీ సూత్రాలు నువ్వే కట్టేయగలవు. ట్రాన్సిటివ్ రిలేషన్లు ఎన్ని అని చెప్పే ముచ్చటైన సూత్రం మాత్రం ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. నీకు ఆ మాట మీదే కాలు జారుతోందంటే ఆశ్చర్యం లేదు. రిఫ్లెక్సివ్‌కు ఐదు గళ్లు చూస్తే చాలు, సిమెట్రిక్‌కు పది ఎదురుబొదురు జంటలు, ట్రాన్సిటివ్‌కు క, చ, ట ఒక్కొక్కటీ ఐదుగురిలో ఎవరైనా కావచ్చు గనుక 125 సందర్భాలు.

ఇంకోటి చూడు. తమ్ముడు అనే రిలేషన్: నేను మీ అమ్మకు తమ్ముణ్ణి, మీ తమ్ముడు నీకు. రెండే జతలు. ఇది ట్రాన్సిటివ్ అవునా? గొలుసు కట్టాలంటే ఒక జత చివర ఉన్నవాళ్లు ఇంకో జత మొదట ఉండాలి. అమ్మా నువ్వూ ఏ జతలోనూ మొదట లేరు. గొలుసే లేదు, కాబట్టి నియమం తప్పే చోటే లేదు. ట్రాన్సిటివ్ అవును! నువ్వు ఇలాంటి చోట "డేటా చాలదు" అని రాశావు. గణితంలో "ప్రతి" అన్న మాట పట్టించుకోవాల్సిన తీరు ఇది: తప్పని చూపించే సాక్ష్యం దొరికితేనే తప్పు. దొరక్కపోతే ఒప్పు, ఆ ఒప్పు ఎంత ఖాళీగా అనిపించినా సరే. కనుక లెక్క చేసేటప్పుడు నిరూపించడానికి కూర్చోకు, పడగొట్టడానికి కూర్చో. పడగొట్టే జత కోసం వెతుకు. దొరికితే ఒక్క లైన్లో జవాబు అయిపోతుంది. ఎంత వెతికినా దొరక్కపోతే, ఎందుకు దొరకడం లేదో రాయి, అదే నిరూపణ.

యాంటీసిమెట్రిక్‌ను సిమెట్రిక్‌కు వ్యతిరేకం అనుకుంటున్నావు, నీ ఒక్కదాని పొరపాటే కాదులే. (క, చ), (చ, క) రెండూ ఉన్నాయంటే క, చ ఒకరే అయి ఉండాలి, అదే యాంటీసిమెట్రిక్. సమానం అనే రిలేషన్ సిమెట్రికూ అవును, యాంటీసిమెట్రికూ అవును. రెండూ కానిది కావాలంటే మీ నాన్న వైపు వెళ్లు. నాన్న, బాబాయి, అత్త ముగ్గుర్నీ తీసుకుని, అన్నో తమ్ముడో అయితే జత రాయి. (నాన్న, బాబాయి), (బాబాయి, నాన్న), (నాన్న, అత్త), (బాబాయి, అత్త). అత్త ఎవరికీ అన్నదమ్ముడు కాదు గనుక సిమెట్రిక్ కాదు. నాన్నా బాబాయీ వేరువేరు మనుషులు గనుక యాంటీసిమెట్రికూ కాదు. తమాషా ఏమిటంటే ఇదే రిలేషన్‌ను మన ఐదుగురి మీద పెడితే యాంటీసిమెట్రిక్ అవుతుంది, మనలో ఒకరికొకరు అన్నదమ్ములయ్యే ఇద్దరు మగవాళ్లు లేరు కాబట్టి. లక్షణం పేరులో ఉండదు, ఏ సెట్ మీద అన్నదానిలో ఉంటుంది. ప్రశ్నలో "ఆన్ ద సెట్" అన్న ముక్క దగ్గర ఆగి గీత కొట్టుకో. మీ క్లాసులో సగం మంది అక్కడే మార్కులు పోగొట్టుకుంటారు.

ఈక్వివలెన్స్ అని చూపించమంటే మూడు లక్షణాలూ వరసగా రాయడం కంటే సులువైన దారి ఒకటుంది. ప్రతి మనిషికీ ఒకే ఒక చీటీ అంటించి ఉందా అని చూడు. ఇద్దరి చీటీ ఒకటే అయితే జత. అలాంటప్పుడు మూడు లక్షణాలూ అడక్కుండానే వచ్చేస్తాయి. ఇవాళ్టి రికార్డులో ఇంటిపేరు ఒకటే అయినవాళ్లు, పుట్టిన వారం ఒకటే అయినవాళ్లు, 7తో భాగిస్తే శేషం ఒకటే వచ్చే సంఖ్యలు. చీటీ ఒకటికి మించితే మాత్రం వ్యవహారం చెడుతుంది. చిత్తూరు వైపు సరిహద్దు ఊళ్లలో ముగ్గుర్ని ఊహించుకో, ఒకాయనకు తెలుగే వచ్చు, ఇంకొకాయనకు తెలుగూ తమిళమూ, మూడో ఆయనకు తమిళమే. ఇద్దరికీ ఉమ్మడిగా కనీసం ఒక భాష ఉంటే జత. రిఫ్లెక్సివ్ అవును, సిమెట్రిక్ అవును. కానీ మొదటాయనకూ మూడో ఆయనకూ మాట కలవదు. పరీక్షల్లో "కనీసం ఒకటి" అన్న మాట కనబడితే నూటికి తొంభై పాళ్లు ట్రాన్సిటివ్ పోతుందని అనుమానించు.

పెళ్లిళ్లలో పెద్దవాళ్లు వరస కట్టడం చూశావు గదా. నాకు ఈ యూనిట్ మొత్తంలో అందమైన ఉదాహరణ అదే అనిపిస్తుంది, పుస్తకాల్లో ఎవరూ ఎందుకు ఇవ్వరో తెలియదు. ఒక తరం వాళ్లను తీసుకో. పెదనాన్న, బాబాయి పిల్లలూ, పెద్దమ్మ, పిన్ని పిల్లలూ నీకు అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల వరస. మేనత్త, మేనమామ పిల్లలు బావ, వదిన, మరదలు వరస. అన్నకు అన్న అన్నే. అన్నకు బావ నీకూ బావే. మరి బావకు బావ? అన్న వరస! సంప్రదాయ లెక్క శుద్ధంగా నడిస్తే ఆ తరం మొత్తం రెండే గుంపులుగా విడిపోతుంది, నీ వైపూ అవతలి వైపూ. సోదర వరస ఈక్వివలెన్స్ రిలేషన్, దానికి క్లాసులు రెండు. బావ వరస మాత్రం సిమెట్రిక్ అయినా ట్రాన్సిటివ్ కాదు. సరి బేసి సంఖ్యల కూడిక లాంటిదే, బేసికి బేసి కలిపితే సరి వచ్చినట్టు. ఎక్కడో తెలియని దూరపు చుట్టాన్ని చూసి అమ్మమ్మ రెండు నిమిషాల్లో "నీకు అన్నయ్య అవుతాడే" అని తేల్చేస్తుందంటే మధ్యలో ఎన్నిసార్లు అడ్డం దాటామో లెక్కపెట్టుకుంటోందన్నమాట.

నిజ జీవితంలో ఇది అప్పుడప్పుడు తెగుతుంది. తల్లి వైపు నుంచి లెక్క కడితే మరదలు, తండ్రి వైపు నుంచి కడితే చెల్లెలు. అప్పుడు పెద్దవాళ్లు తలలు పట్టుకుంటారు. గణితంలో దీనికి వెల్ డిఫైన్డ్ కాదు అంటారు, ఏ దారిలో వెళ్లినా జవాబు ఒకటే రావాలన్న షరతు తప్పింది. వారాలతో లెక్క కట్టేటప్పుడు ఈ బాధ లేదు, ఏ సోమవారం నుంచి మూడు రోజులు లెక్కపెట్టినా గురువారమే. క్లాసుల మీద ఏదైనా లెక్క చేసేముందు ఈ షరతు చూసుకోమని మీ పుస్తకం చెబుతుంది, నువ్వు ఆ పేజీ తిప్పేసి ఉంటావు. వెనక్కి వెళ్లి చదువు.

ఇలాంటి చుట్టరికాల లెక్కలను గణితం చేసిన పెద్దవాడు ఉన్నాడు. ఫ్రెంచి గణితజ్ఞుడు ఆంద్రే వేయ్. కుర్రతనంలో, 1930 నుంచి 1932 దాకా, మన అలీగఢ్‌లో ప్రొఫెసర్‌గా పనిచేశాడు. తర్వాత మానవశాస్త్రవేత్త లెవీ-స్ట్రాస్ చుట్టరికాల మీద 1949లో అచ్చు వేసిన పెద్ద పుస్తకానికి, కొన్ని తెగల పెళ్లి నియమాలను బీజగణితంలోకి దించి ఒక అనుబంధం రాసిచ్చాడు. ఆయన తీసుకున్నది ఆస్ట్రేలియా ఆదివాసుల పద్ధతి, మనది కాదు. నియమాలను ఒకదాని మీద ఒకటి ప్రయోగిస్తే ఏమవుతుందో చూడటమే ఆయన చేసినదీ.

ఆ ప్రయోగించడమే కాంపోజిషన్. మేనమామ అంటే తల్లికి అన్నో తమ్ముడో. మన ఐదుగురిలో అన్నదమ్ముడు జతలు (నేను, అమ్మ), (నేను, పిన్ని), (తమ్ముడు, నువ్వు). తల్లి జతలు (అమ్మ, నువ్వు), (అమ్మ, తమ్ముడు). మొదటి దాని చివర, రెండో దాని మొదలు కలిసేచోట అతికించు. (నేను, నువ్వు), (నేను, తమ్ముడు) వస్తాయి. మేనమామ రిలేషన్ తయారు. ఇప్పుడు తిప్పి అతికించు, తల్లి ముందు, అన్నదమ్ముడు తర్వాత. (అమ్మ, తమ్ముడు), (తమ్ముడు, నువ్వు) కలిసి (అమ్మ, నువ్వు) ఒక్కటే వస్తుంది. వరుస మారితే ఫలితం మారింది. ఇక్కడ పుస్తకాల గొడవ ఒకటుంది, జాగ్రత్త. ట్రెంబ్లే, మనోహర్‌ల పుస్తకంలో ఆర్∘ఎస్ అంటే ముందు ఆర్, తర్వాత ఎస్. కెన్నెత్ రోసెన్ పుస్తకంలో అదే పనిని ఎస్∘ఆర్ అని రాస్తారు. మీ లెక్చరర్ ఏది వాడుతున్నారో ముందే అడుగు, జవాబు పత్రంలో నువ్వు ఏది వాడుతున్నావో ఒక లైను రాసిపెట్టు. రిలేషన్లను ఇలా గుర్తులతో కలపడం మీద పద్ధతిగా రాసిన తొలివాళ్లలో అగస్టస్ డి మోర్గాన్ ఒకడు, 1860లో. నువ్వు మొదటి యూనిట్‌లో వల్లెవేసిన సూత్రాల డి మోర్గానే. ఆయన పుట్టింది మదురైలో, 1806లో.

ఇవన్నీ ఎందుకు మావయ్యా అని అడుగుతావేమో. నా జీతం దీని మీదే వస్తుంది. నేను రోజూ చూసే డేటాబేస్ టేబుల్ అంటే రిలేషనే, కాకపోతే జతలకు బదులు నాలుగైదేసి గళ్లున్న వరసలు, ఒక్కో గడికీ ఒక్కో సెట్. ఇక్కడ సెట్లు వేరువేరు గనుక, విద్యార్థులకూ సబ్జెక్టులకూ మధ్య రిలేషన్ రిఫ్లెక్సివా అన్న ప్రశ్నకు చోటే లేదు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ఈ ఊహ మీద వ్యాసం రాశాడు, 1981లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. నువ్వు వచ్చే సెమిస్టర్లో జాయిన్ అని నేర్చుకోబోయేది ఇప్పుడు చేసిన అతికింపుకు పెద్దన్న. ఎస్‌క్యూఎల్ మాత్రం ఒకే వరసను రెండుసార్లు రానిస్తుంది, సెట్‌లో అది కుదరదు. కాడ్‌కు అది నచ్చలేదు, నాకూ నచ్చదు.

ఇందులోనూ ట్రాన్సిటివ్‌దే తలనొప్పి. టేబుల్లో తల్లి-బిడ్డ జతలు ఉన్నాయనుకో. ఒకసారి జాయిన్ చేస్తే అమ్మమ్మ దొరుకుతుంది, రెండుసార్లు చేస్తే అమ్మమ్మ తల్లి. పైకి ఎంతవరకైనా వెళ్లి పూర్వీకులందర్నీ తెమ్మంటే? ఎన్ని జాయిన్లు రాయాలో ముందు తెలియదు. టేబుళ్లను కలపడానికి కాడ్ కట్టిన బీజగణితంతో ఇది సాధ్యం కాదని ఆహో, ఉల్మన్ 1979లో నిరూపించారు. తర్వాత 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో రికర్సివ్ క్వెరీ అని ప్రత్యేకంగా చేర్చాల్సి వచ్చింది. ట్రాన్సిటివ్ క్లోజర్ అంటే ఇదే. తక్కువైన జతలను, అవసరమైనంత మేరకే, కలుపుకుంటూ పోవడం. ఇందాకటి ఎనిమిది తోబుట్టువు జతలకు క్లోజర్ కట్టి చూడు, సరిగ్గా ఆ 13 వస్తాయి. మాట్రిక్స్‌తో చేసే వార్షల్ పద్ధతి, 1962 నాటిది, మీ సిలబస్‌లో ఉంది. అది చేతికి వచ్చేదాకా చెయ్యి.

పార్షియల్ ఆర్డర్ గురించి ఎక్కువ చెప్పను, అది నీకు బాగానే వచ్చింది. ఒక్క హెచ్చరిక. 12కు ఉన్న భాజకాలను భాగించడం అన్న రిలేషన్‌తో హాసే డయాగ్రమ్‌గా గీసి, పైన ఉన్న 12ను చెరిపేయి. 4కూ 6కూ పైన ఎవరూ లేరు, రెండూ మాగ్జిమల్. కానీ అందరి కంటే పెద్ద అనదగినది ఏదీ లేదు. మాగ్జిమల్‌కూ గ్రేటెస్ట్‌కూ తేడా ఈ చెరిపిన బొమ్మలో ఉంది, డెఫినిషన్ కంటే ఇదే గుర్తుంటుంది.

చివరగా ఒక నిరూపణ పంపుతున్నాను. సిమెట్రిక్, ట్రాన్సిటివ్ రెండూ అయిన రిలేషన్ తప్పకుండా రిఫ్లెక్సివ్ అవుతుందట. క, చ జత ఉందనుకో. సిమెట్రిక్ గనుక (చ, క) కూడా ఉంది. ట్రాన్సిటివ్ గనుక (క, చ), (చ, క) కలిసి (క, క) వచ్చింది. అయిపోయింది. మరి అలాగైతే మూడో లక్షణం విడిగా అడగడం ఎందుకు? ఇందులో ఒక మాట దొంగది. ఎవరికీ ఏమీ కాని ఒక మనిషిని మన ఐదుగురితో కలిపి ఆరో వాడిగా నిలబెట్టి, ఆ 13 జతలను అలాగే ఉంచి మళ్లీ చదువు. ఏ మాటో ఆదివారం ఫోన్లో చెప్పు, అమ్మను అడక్కు.

ఇట్లు,
మీ మావయ్య